అరువు మొహాలు

“సిగ్గుండాలిరా మీకు! ఒకడి మొహం అరువు తెచ్చుకుని, అద్దంలో దాన్నే చూసి పళ్లికిలిస్తారా?”

సెలూన్ గుమ్మంలో నిలబడి అత్త పెట్టిన కేకకి లోపల రంగు బ్రష్షు ఆగిపోయింది.

వీధిలో అందరికీ ఆమె అత్తే. మూలమీద కుట్టుమిషను పెట్టుకుని అందరి బట్టలూ కుడుతుంది. కొలతలు తీస్తూ తిడుతుంది. ఎంత తిడితే చొక్కా అంత బాగా కుదురుతుందని పేరు. అందుకని ఎవరూ నొచ్చుకోరు.

ఇవాళ తిట్టు మాత్రం కొలత మించింది.

ఆమె చంకలో ఆకుపచ్చ గుడ్డ ఉంది. దాన్ని ఆకుల్లాగా కత్తిరించి, నడుముకి చుట్టుకునేలా పాతిక కుట్టమని పొద్దున్నే పడేసి పోయాడు బూరగాడు. అభిమాన సంఘానికి వాడే నాయకుడు. బూర ఊదడం తప్ప ఇంకో విద్య లేదు గనక ఆ పేరు.

ఎందుకో కనుక్కుందామని వచ్చిన అత్తకి కుర్చీల్లో బూరగాడితో సహా నలుగురు కనిపించారు. మొహాల నిండా నల్లరంగు. మూతి చుట్టూ అరచెయ్యంత ఎర్రరంగు. ఒక కుర్రాడి నెత్తిన అప్పుడే ఉంగరాల విగ్గు కూడా. రేపు ఫుట్‌బాల్ ఫైనల్. క్లబ్బుని అక్కడిదాకా మోసుకొచ్చిన పరదేశి ఆటగాడి వేషమట అది. సముద్రం అవతలి నుంచి దిగిన చిరుతపులి అని మేనేజరు గోడ గోడకీ పోస్టరు అంటించాడు.

“ఇది ప్రేమ అత్తా!” అన్నాడు బూరగాడు. “నాటకంలో రాజు వేషం కడితే రాజుకి అవమానమా?”

“రాజు వేషం కట్టినవాడు రాజులా నడుస్తాడు. నువ్వు కోతిలా గెంతుతున్నావు. ఆ అబ్బాయి మూతి అంత లావుగా ఉంటుందా? ఎప్పుడైనా దగ్గర్నుంచి చూశావా?”

“గ్యాలరీ పైమెట్టు మీంచి చూశాను.”

“అక్కణ్ణుంచి చూస్తే అతనికి నువ్వూ చీమలా కనిపిస్తావు. అందుకని నీ వేషం వేసేవాడు ఆరు కాళ్లు తగిలించుకోవాలా? ఈ ఆకులేంటి మరి? ఏ ఆటలో కట్టుకున్నాడు? నిక్కరేగా?”

“ఆకులుంటే కళొస్తుందత్తా,” అని గొణిగాడు విగ్గు కుర్రాడు.

“వస్తుంది. మీ మొహాల్లోంచి పోయిందిగా, ఎక్కడో చోటికి రావాలి.”

సెలూన్ బాబాయికి ఈ గొడవ పట్టలేదు. చేతిలో రంగు ఆరిపోతోందని ఆయన బాధ. బూరగాడి గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు.

“ఒరేయ్, నీకు ఎడమ బుగ్గకి పూశానా, లేదా?”

“పూసింది నువ్వేగా బాబాయ్!”

“పూశాననే అనుకుంటున్నా. తేడా తెలిస్తేగా!”

సెలూనంతా గొల్లుమంది. బూరగాడు కూడా నవ్వాడు. అత్త నవ్వలేదు.

“రేపు ఆ అబ్బాయి గ్రౌండ్లోకి వచ్చి తలెత్తుతాడు. పాతికమంది అతని రంగు పూసుకుని, అతనిది కాని మూతి పెట్టుకుని ఎగురుతుంటారు. ఏమనిపిస్తుందిరా? అడిగారా అతన్ని?”

“ఎలా అడుగుతాం? మన భాష రాదుగా. ఏదడిగినా మేనేజరే జవాబు చెప్తాడు. అయినా మొన్న మమ్మల్ని చూసి చెయ్యి ఊపాడు.”

“పక్కన జీతమిచ్చేవాడు నిలబడితే చెయ్యి ఊపక కాలు ఊపుతాడా?”

బాబాయి సర్దబోయాడు. “పోనీలే వదినా. వీళ్లేమీ తిట్టడం లేదుగా.”

“తిడితే చెవులు మూసుకోవచ్చు. ఇది కళ్లకి తగిలే తిట్టు. కళ్లు మూసుకుని బంతెలా తన్నాలి?”

విగ్గు కుర్రాడు నెమ్మదిగా విగ్గు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. బూరగాడికి ఒళ్లు మండింది. సంఘం చెయ్యి జారిపోతోంది.

“నాకు తెలుసులే అత్తా నీ కడుపుమంట. చిన్నప్పుడు మీవాణ్ణి ‘బొగ్గు’ అని ఏడిపించాం. ముట్టుకుంటే బంతి మాసిపోతుందని తరిమేశాం. ఆ కక్ష ఇప్పుడు తీర్చుకుంటున్నావు. వాడు ఓడలో పనికి పోయి ఎన్నేళ్లయింది! ఇంకా మర్చిపోవా?”

“కొట్టినవాడు మర్చిపోతాడురా. తిన్నవాడి వీపుకి గుర్తుంటుంది.”

“సరే, తప్పే. ఇదిగో, ఆకులు మానేస్తాం. ఎర్రరంగూ తుడిచేస్తాం. నలుపు మాత్రం వదలం. అది కూడా లేకపోతే మాకూ అతనికీ పోలికేముంది?”

అత్త నోటిదాకా ఏదో వచ్చింది. ఎవరికో మాటిచ్చినట్టు పళ్లు బిగించి మింగేసింది. బాబాయి బల్లమీద ఉన్న నీళ్ల స్ప్రే తీసుకుంది. బూరగాడి మొహం మీద బుస్సున కొట్టింది. రంగు ధారలు కట్టి గడ్డం మీంచి కారింది. చారల మధ్య తేలిన చర్మానికీ, కారిన రంగుకీ పెద్ద తేడా లేదు.

“చూసుకో అద్దంలో,” అంది.

బూరగాడు చూసుకోలేదు. మొహం తుడుచుకుంటూ లేచాడు. “ఎక్కడో సముద్రం అవతల పుట్టినవాడి కోసం సొంత వీధివాళ్ల మీద పడతావా? అసలు అతను నీకేమవుతాడు?”

అత్త ఆకుపచ్చ గుడ్డ తీసి వాడి మొహాన కొట్టింది.

“సముద్రం అవతల పుట్టాడన్నది టికెట్లు అమ్ముకోడానికి మీ మేనేజరు అల్లిన కథరా, ముందు ఆ మొహాలు కడుక్కుని, రేపు గ్రౌండ్లో నేను పెట్టిన పేరుతో పిలవండి నా కొడుకుని!”