ఉతకని చొక్కా

మెజిస్ట్రేటు దొరకు, పటాన్‌చెరులో బట్టలుతికే నర్సింహమ్మ చెప్పి రాయిస్తున్నది.

మా సేటు విదేశీ కారు తన గేర్లు తానే మార్చుకుంటుంది. ఆ గేర్లకు ఎర్ర నూనె తప్ప పోయకూడదు. నల్లది పోశారు. కారు కదలక మొండికేసి, ఒక్కసారిగా దూకి, ఫ్యాక్టరీ గేటు దగ్గర కూలీని చంపింది. నల్లది పోసింది డ్రైవరేనని నా కొడుకు లింగాన్ని సంగారెడ్డి జైల్లో పెట్టారు.

"ఎర్రదే దొరికింది, నేనే పోసిన, బండి తియ్యిరా అని సేటే అన్నడే అవ్వా" అని లింగం ఏడ్చాడు.

ఇద్దరి బట్టలూ ఉతికేది నేనే. ఆనాటి మూటలో లింగం ఖాకీ చొక్కాకు మరక లేదు. సేటు తెల్ల చొక్కా చేతులకు నల్ల నూనె ఉంది.

మొన్న సేటు మా గుమ్మంలో నిలబడ్డాడు.

"నర్సమ్మా, నా చొక్కా యాడున్నది?"

"బండ మీద చినిగింది సేటు, పారేసిన."

"ఇంట్లనైతే లేదు గద?"

నిన్న మా గుడిసె కాలిపోయింది.

నాకు సంతకం రాదు. ఎవరి బట్ట ఏదో తెలిసేటట్టు కాలరు మీద జీడిరసంతో గుర్తు పెట్టడం వచ్చు. ఎన్నిసార్లు ఉతికినా అది పోదు. సేటు గుర్తు మూడు చుక్కలు.

ఆ మూడు చుక్కలు ఇప్పుడు నా మెడ వెనక ఉన్నాయి. ఆ చొక్కా తొడుక్కునే రేపు కచేరీకి వస్తున్నాను.