తేలిన పసుపుతాడు

పాఠాల కళ్లజోళ్లు వచ్చాక పిల్లలు ప్రశ్నలడగడం మానేశారు. నోరు తెరిచేలోపే జవాబు కళ్ల ముందు మెరుస్తుంది. "ఈసారీ ఎవరూ ఏమీ అడగకపోతే విహారయాత్రలు ఆపేద్దామమ్మా," అన్నారు హెడ్మాస్టరు. ఫిజిక్స్ టీచర్ని కదా, పెళ్లయి నెల తిరక్కుండానే మా ఆయన్నీ వెంటబెట్టుకుని పిల్లలతో అమ్యూజ్‌మెంట్ పార్కుకి వచ్చాను.

కళ్లజోళ్లు గేటు దగ్గర పెట్టించి, అందరినీ పడే లిఫ్టు ఎక్కించాను.

"ఇంట్లో కళ్లజోళ్లలో ఇదంతా ఎన్నోసార్లు చూశాం టీచర్," అంటూ మేఘమాల ఆవులించింది.

పైకి వెళ్లిన లిఫ్టు ఒక్కసారిగా కిందికి జారింది. మా ఆయన కళ్లు మూసుకుని నా చెయ్యి పట్టుకుని నా మీదికి ఒరిగిపోయారు. నా కొత్త పసుపుతాడు మెడ మీంచి లేచి ముక్కు ముందు తేలింది.

దిగాక మేఘమాల దాన్నే చూస్తూ నిలబడింది. "అందరం కిందికి పడుతుంటే మీ తాళి ఒక్కటే పైకెందుకు లేచింది టీచర్?"

నాకు గెంతాలనిపించింది. "లేవలేదే. అదీ మనతో సమానంగా పడింది. కలిసి పడేటప్పుడు ఒకరి బరువు ఇంకొకరికి తెలియదు."

"మరి సారు మీ మీదికి ఒరిగిపోయారుగా, ఆ బరువూ తెలియలేదా?"

పిల్లలంతా నవ్వారు.

"ఇంకోసారి ఎక్కి చూసి చెప్తాను," అన్నాను.

అందరికంటే ముందు వరుసలో నిలబడింది మా ఆయనే.