బ్రూనోకి మాంసం పెట్టిందెవరు?

నోయెలియా ఆ ఎముకను అత్తగారి ముందు బల్ల మీద పడేసింది.

"ఇది బ్రూనో జేబులో దొరికింది, అత్తయ్యా."

డెల్మీరా మాతె టీ పీలుస్తూ తాపీగా చూసింది. ఆడుకోవడానికిచ్చానంది. శుభ్రంగా గీకి ఎండబెట్టిందేనట. చిన్నప్పుడు బ్రూనో వాళ్ల నాన్న కూడా గొర్రె ఎముకలతోనే ఆడుకున్నాడట.

నోయెలియాకి ఒళ్లు మండిపోయింది. పశువుల మీద బతికే ఈ ఊళ్లో ఆదివారం నిప్పుల మీద మాంసం కాల్చని ఇల్లు లేదు. మాంసం తినని పిల్లాణ్ణి చూసి జాలిపడని ముసలమ్మా లేదు. బ్రూనోది పుట్టుకతో వచ్చిన జబ్బని ఎన్నిసార్లు చెప్పినా వీళ్ల తలకెక్కదు. మాంసం, గుడ్లు, జున్నులో దండిగా ఉండే ఫెనైల్ అలనిన్ అనే పదార్థం వాడి ఒంట్లో అరగదు. రక్తంలో పేరుకుపోయి మెదడును పాడుచేస్తుంది. అందుకే వాడి తిండల్లా ఆసుపత్రివాళ్లిచ్చే కంపుకొట్టే పొడి, కొలిచి పోసే కాసిన్ని పాలు, కాస్త బంగాళాదుంప.

ఇంత చేసినా రక్తపరీక్షలో అది పెరుగుతూనే ఉంది. పెరిగిన ప్రతిసారీ ఆమె అత్తగారిని అనుమానించింది, బిడ్డ తిండిని ఇంకాస్త బిగించింది. ఆదివారం విందులు మానిపించింది. కానీ గోడ అవతలే ముసలావిడ వంటిల్లు, ఎంతకని కాపలా కాస్తుంది? మా అమ్మ అలాంటిది కాదన్నందుకు మొగుడు నెల్సన్‌తో కూడా మాటలు లేవు.

"పిల్లాడి చేతులు చూశావా, పుల్లల్లా అయిపోయాయి. జుట్టు ఊడిపోతోంది. ఒక్క ముక్క పెడితే..." అంది డెల్మీరా.

"చూశారా, మీ నోటితోనే వచ్చింది."

"పెట్టలేదే తల్లీ. నీకు భయపడి చేతులు కట్టుకు కూర్చున్నాను. వాడి మీద ఒట్టు."

"ఆ ఒట్టేదో డాక్టరమ్మ ముందు వేద్దురుగాని, పదండి."

డాక్టరమ్మ గదిలో నోయెలియా మనసులో ఉన్నదంతా కక్కేసింది. అత్తగారు బిడ్డను దొంగచాటుగా చంపుతోందంది. డెల్మీరా ఎదురుచెప్పకుండా రుమాలుతో కళ్లు తుడుచుకుంది. డాక్టరమ్మ బ్రూనో జబ్బలు నొక్కి చూసి, ఇంట్లో ఏం పెడుతున్నావని నోయెలియాను అడిగింది.

"మీ పొడి తప్ప ఇంకేమీ లేదు. మీరు కొలిచి పొయ్యమన్న పాలు కూడా ఆపేశాను, దుంపా మాన్పించాను. ఆ విషం రవ్వంత కూడా వాడి నోట్లోకి పోనివ్వలేదు నేను," అంది నోయెలియా గర్వంగా.

డాక్టరమ్మ కుర్చీని నోయెలియా వైపు జరుపుకుంది.

"అది విషం కాదమ్మా. ఎక్కువైతేనే ముప్పు. కొద్దిగానైనా లేకపోతే ఏ మనిషీ బతకడు. ఒళ్లు దాన్ని సొంతంగా తయారుచేసుకోలేదు. అందుకే ఆ కాసిన్ని పాలు రాశాను. బొత్తిగా అందకపోతే ఒళ్లు ఊరుకోదు, దొరికిన చోటి నుంచి లాక్కుంటుంది. అలా లాగినదే రక్తంలో పెరుగుతోంది."

"అంటే ఈవిడ మాంసం పెట్టలేదంటారా?"

"లేదు."

"మరి వీడు తిన్నది ఎవరి మాంసం?" అని నోయెలియా గొంతు పెంచింది.

"తన ఒంటి కండే తింటున్నాడమ్మా."