సాక

బ్రూవరీ అద్దాల తలుపు బయట ఒక జత తోలు చెప్పులు ఉన్నాయి.

లోపల నున్నటి నేల మీద సాంబయ్య ఉత్త కాళ్లతో నిలబడ్డాడు.

చెప్పులు విడవనక్కర్లేదని బిడ్డ నవ్య రెండుసార్లు చెప్పింది. తాళ్ల కింద కల్లు మండువలో చెప్పులు విడిచి కూర్చునే అలవాటు ఆయనది. "ఇది కల్లు కాదు నాయినా" అనబోయి ఊరుకుంది. ఆ మాట రెండేళ్లుగా ఆయన నోటి నుంచే వింటోంది.

ధర్మసాగర్‌లో సాంబయ్య నలభై ఏళ్లుగా తాళ్లెక్కి కల్లు గీస్తున్నాడు. ఊళ్లోకి బీరు సీసాలు వచ్చాక మండువలో జనం పలచబడ్డారు. ఒక్కగానొక్క బిడ్డ ఏకంగా బీరు తయారుచేసే కొలువులోనే చేరింది.

ఎవరైనా అడిగితే, హన్మకొండలో కంపెనీలో చేస్తోందని చెబుతాడు. ఏం కంపెనీ అంటే చెట్టెక్కే మోకు భుజాన వేసుకుని లేచిపోతాడు.

అట్లాగని బీరు ముట్టడని కాదు. పెళ్లిళ్లలో ఎవరైనా చేతికిస్తే తాగుతాడు. సాక మాత్రం పోయడు.

కల్లు నోట పెట్టుకునే ముందు మూడు చుక్కలు నేల మీద ఒంపి తాళ్లను కాచే దేవుడు కాటమయ్యను తలుచుకోవడమే సాక. తాతల నాటి నుంచి వాళ్లింట్లో ఎవరూ అది తప్పలేదు. బీరుకెందుకు పోయవని అడిగితే ఒకటే జవాబు.

"కంపెనీ సొమ్ముకు సాకేంది? దేవుడు నవ్వుతడు."

నవ్య సొంతంగా చేసిన మొదటి బీరు మూడో కుళాయిలో ఉంది. మొలకెత్తిన జొన్నలతో చేసింది. పోయిన వారం రుచి చూసినవాళ్లంతా బాగుందన్నారు. అయినా ఆ కుళాయికి పేరు రాయనివ్వలేదు.

నాయిన నోట పడందే ఆమెకు మనసు ఒప్పడం లేదు. ఆయన్ని ఇక్కడిదాకా రప్పించడానికి నెల రోజులు బతిమాలింది.

ఓనరు రమాకాంత్ ఒక కార్డు పట్టుకొచ్చాడు. రంగు, వాసన, రుచి, చివరలో ఐదు చుక్కలు.

"మస్తుగుంటే ఐదు చుక్కలు కాక, బాగలేకుంటే ఒక్కటి. మొహమాటపడకు."

సాంబయ్యకు మొహమాటమంటే ఏమిటో ఆ వయసుదాకా తెలియదు.

మొదటి చిన్న గ్లాసులో నారింజ తొక్క వేసిన బీరు. జరమొచ్చినోళ్లకు మంచిదన్నాడు. రమాకాంత్ కాసేపు ఆలోచించి దాన్ని రెండు చుక్కలుగా రాసుకున్నాడు.

రెండోది చేదు బీరు. యాపాకు నూరి పోశారా అని అడిగాడు. అడుగుతూనే గ్లాసు ఖాళీ చేశాడు. రమాకాంత్ నాలుగు చుక్కలు రాసుకున్నాడు.

మూడోది వచ్చింది.

అది ఎవరు చేసిందో నవ్య చెప్పలేదు. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది.

సాంబయ్య ఒక గుక్క నోట్లో పోసుకుని ఆగిపోయాడు. గ్లాసు కింద పెట్టేశాడు.

"లొట్టి కడగలే."

రమాకాంత్ చుట్టూ చూశాడు. ఎక్కడా కుండ కనిపించలేదు.

నవ్య చెవులు ఎర్రబడ్డాయి. నిన్న సాయంత్రం జనం ఎక్కువై, మూడో కుళాయి గొట్టం కడగడం పొద్దుటికి వాయిదా వేసింది. పొద్దున నాయిన వస్తున్నాడన్న సంబరంలో మరిచేపోయింది.

చిన్నప్పుడు రోజూ తెల్లారి కల్లు లొట్లు కడిగింది తనే. ఒక్క లొట్టిలో పులుపు వాసన మిగిలినా ఆయన మళ్లీ చేతికిచ్చేవాడు.

"జర ఆగు నాయినా."

చేతులు పైకి మడుచుకుని అద్దం అవతలికి పోయింది. వేడినీళ్లు పెట్టింది, గొట్టం విప్పింది, కడిగింది, మళ్లీ కడిగింది.

సాంబయ్య నంజుకోను ఉడికించిన గుడాలున్నాయా అని అడిగాడు. లేవంటే మసాలా పల్లీలతో సరిపెట్టుకుని, నములుతూ అద్దంలోంచి బిడ్డనే చూస్తూ కూర్చున్నాడు.

ఆమె గొట్టం మూతికి ముక్కు ఆనించి, కళ్లు మూసుకుని వాసన చూసింది.

సాంబయ్య నమలడం ఆపాడు. రోజూ లొట్టి మూతిని తను చూసేది అచ్చం అట్లాగే.

"ఇది నువ్వు చేసిందేనా బిడ్డా?" అన్నాడు, ఆమె కొత్త గ్లాసు తెచ్చి ముందు పెట్టగానే.

నవ్య తలూపింది.

గ్లాసు ఎత్తి వెలుతురుకు పట్టి చూశాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తాగలేదు.

కుర్చీ వెనక్కి జరిపి లేచి నిలబడ్డాడు.

గ్లాసు ఒంచాడు. నున్నటి నేల మీద ఒక చుక్క, ఇంకొకటి, మరొకటి. పెదవులు మెల్లగా కదిలాయి.

అప్పుడు తాగాడు. అడుగుదాకా తాగి, మీసం తుడుచుకున్నాడు.

రమాకాంత్‌ది మూడు తరాలుగా బట్టల దుకాణం నడిపిన ఇల్లు. తాటిచెట్టు కింద ఎన్నడూ కూర్చున్నవాడు కాదు. కలం పట్టుకుని ఇదంతా ఎంతో శ్రద్ధగా చూశాడు.

"మూడు చుక్కలేనా కాక? పాపం, రెండు నెలలు కష్టపడ్డది. జర పెంచరాదు?"

"వద్దు సార్" అంది నవ్య. నవ్వు ఆగడం లేదు, కళ్లనీళ్లూ ఆగడం లేదు. "మూడే రాయుండ్రి."

నేల మీద తడి చూసి, తుడిచే చిలుకమ్మ కర్ర పట్టుకుని గబగబా వచ్చింది. చుక్కలను చూసింది. పక్కనే ఉన్న ఉత్త కాళ్లను చూసింది.

మూడు చుక్కలూ వదిలేసి, చుట్టూ తుడుచుకుంటూ పోయింది.