మహారాణి వారు వేంచేశారు

"ఏమండోయ్, వేంచేయండి" అని హాల్లోంచి మామగారి కేక వినపడగానే, సెలవులకు వచ్చిన కొత్త కోడలు పొయ్యి మీద మూకుడు పెట్టి నూనె పోసింది.

ఏం వేయించాలో అడుగుదామని బయటికొస్తే, అత్తగారు చేతులు తుడుచుకుంటూ హాల్లోకి నడుస్తోంది. పిలుపు ఆవిడకన్నమాట. వేయించడం కాదు, వేంచేయడం.

ఒకప్పుడు నాటకాల్లో రాజు వేషాలు కట్టినవాడు కాబట్టి ఆయన నోట మామూలు నడక ఉండదు. ఆ ఇంట్లో పాలు వేంచేస్తాయి, కరెంటు వేంచేస్తుంది. అల్లుడు మాత్రం ఊడిపడతాడు.

అంతవరకూ సరదాగానే ఉంది. కానీ ఇంతకీ పిలిచిన పనేమిటి? కళ్లజోడు వెతికిపెట్టడం. అదేమో ఆయన జేబులోనే ఉంటుంది. ఆవిడ వంటింట్లోకి వెళ్లి గరిటె పట్టుకునేలోపు మళ్లీ కేక. పెరట్లోకి వెళ్తే కేక. చెప్పుల్లో కాలు పెడితే చాలు, "మహారాణి వారు ఎచటికో వేంచేస్తున్నట్టున్నారే" అని వెక్కిరింపు. పైగా వీధి గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుక్కూర్చుని కదలడు. మధ్యమధ్య పరీక్షలొకటి. కోడలి పేరేమిటో సెలవివ్వమంటాడు. ఆవిడ నవ్వి ఊరుకుంటుంది.

కోడలు ఓపిక పట్టింది, పట్టింది, చివరికి సూట్‌కేసు పట్టింది. అందులో అత్తగారి చీరలు సర్దేసి తెచ్చి హాల్లో పెట్టింది.

"మామయ్యగారూ, అత్తయ్య ఇక మా దగ్గరే ఉంటారు. మీ కళ్లజోడు మీరే వెతుక్కోండి."

ఆమె మొగుడు అమ్మ వైపు చూడలేక, నాన్న వైపు చూడలేక సీలింగు ఫ్యాను వైపు చూశాడు.

మామగారి మొహం పాలిపోయింది. "కొత్త ఇల్లు... కొత్త వీధులు... ఆవిడకి..." అంటూ డైలాగు మరిచిపోయిన వేషగాడిలా ఆగిపోయాడు.

అత్తగారు వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

"ఆయన్నేమీ అనకమ్మా. పోయిన నెల కూరలకని వెళ్లి ఇంటి దారి మరిచిపోయాను, వెతుక్కుంటూ వచ్చిన ఈయన్నే మీరెవరండీ అని అడిగాను. మీకెవరికీ తెలియకుండా నన్నెలా కనిపెట్టుకోవాలా అని ఈయన అల్లాడిపోతుంటే, వెక్కిరిస్తూ ఉండండి, ఎవరికీ అనుమానం రాదని చెప్పింది నేనే."