ఇంకో అయిదు రోజులు

పోనిరన్ చెంబుతో నీళ్లు తెచ్చి కోడిరెట్ట మీద కొద్దికొద్దిగా వొంపాడు. పైన తెల్లటి పొరతో గట్టిగా, నిక్షేపంగా ఉన్న రెట్ట క్షణంలో పల్చబడింది. ఫొటో తీసి డాక్టరమ్మకు పంపాడు.

ఈ ఏడు బ్లితార్‌లో ఎండలు నిప్పులు చెరిగాయి. అతని రెండొందల కోళ్లూ నోళ్లు తెరిచి రొప్పుతూ, మేత మానేసి, తాగిన నీళ్లను తాగినట్టే విరేచనం చేశాయి. అప్పుడు దాణా కంపెనీ డాక్టరమ్మ వెనింగ్ తన బండి మీద వచ్చి, పేగుల్లో మంచి క్రిములు పెరిగే పొడి ఇచ్చింది. కొన్నాళ్లకు రావడం మానేసింది. రోజూ రెట్ట ఫొటో పంపమని, ఫోనులోనే వైద్యం చెబుతోంది. పొడి కూడా ఆగిపోయింది. పసుపు, అల్లం, వెల్లుల్లి దంచి జాము అనే కషాయం కాచి కోళ్లకు పొయ్యమంటోంది. కంపెనీకి పిసినారితనం పట్టుకుందని పోనిరన్ నవ్వుకున్నాడు. ఆదివారాలు కూడా ఈ పిల్ల చేత చాకిరీ చేయిస్తున్నారని తిట్టుకున్నాడు.

కోళ్లు కోలుకుని నెలన్నర దాటింది. ఆ మాట చెబితే ఫోను ఆగిపోతుంది. భార్య పోయాక అతన్ని పలకరించే గొంతు అదొక్కటే. అదీ లేకపోతే మధ్యాహ్నాలు ఎలా గడుస్తాయో తలుచుకుంటేనే భయం వేసేది.

ఫోను మోగింది.

"ఇంకా తగ్గలేదా బాబాయ్?"

"ఎక్కడమ్మా, కుళాయి తిప్పినట్టే ఉంది."

"జాము పోస్తున్నారా?"

"పొద్దున్నే. ముందు నేనో గ్లాసు తాగి, తర్వాత వాటికి."

"పోన్లెండి, మీ కడుపైనా బాగుపడుతుంది. ఇంకో అయిదు రోజులు పొయ్యండి. అన్నం తిన్నారా?"

"తిన్నా. సోయాగింజల టెంపే ముక్కలు వేయించుకున్నా. మరి నువ్వు?"

"తింటాలెండి."

ఎప్పుడూ అయిదు రోజులే. అవి అయ్యాక మళ్లీ అయిదు. తన అబద్ధాన్ని నమ్మి, చదువుకున్న పిల్ల తల పట్టుకుంటోందని అతనికి మనసు పీకింది.

అప్పుడు ఆమె అంది, "బాబాయ్, ఇన్నాళ్లూ ఫొటోల్లో చెంబు నీడే పడేది. ఇవాళ చెంబే పడింది."

పోనిరన్ చెంబు తీసి వెనక్కి పెట్టేశాడు.

"తప్పయిపోయిందమ్మా. కోళ్లు ఎప్పుడో కుదుటపడ్డాయి. గుడ్లూ పెడుతున్నాయి. నేనే రోజూ నీళ్లు పోసి..."

"ఎందుకు?"

"నువ్వు ఫోన్ చేస్తావని."

పెట్టేసిందేమోనని ఫోను వంక చూసుకున్నాడు.

"ఉద్యోగంలో ఉన్నదానివి. చూసుకోడానికి నీకు వంద కోళ్ల షెడ్లుంటాయి. ఈ ముసలాడి కోసం కంపెనీ పని చెడగొట్టుకోకు. రేపట్నించి ఫోన్ చెయ్యకమ్మా," అన్నాడు. అనేశాక కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఆ ఉద్యోగం పోయి రెండు నెలలైంది బాబాయ్," అంది వెనింగ్.