వదులు ముడి

అమూర్ నది సముద్రంలో కలిసేచోట, గడ్డకట్టిన నీటిమీద, చీకట్లో రాయిసా, ఆమె అత్త జోయా గేలాలు వేసుకుని కూర్చున్నారు. మంచు ఇంకా పలచగా ఉన్న రోజుల్లో రాయిసా భర్త గెనా ఇక్కడే మునిగిపోయాడు. శవం దొరకలేదు.

"సముద్రంలోకి కొట్టుకుపోయాడేమో అత్తా."

"పిచ్చిపిల్లా, పైనున్న ఏటి నీరే అటు పోతుంది. అడుగున ఉప్పునీరు మన ఊరివైపే వస్తుంది. వాడు అడుగునే ఉంటాడు. నీ వంట తిని ఎంత బరువెక్కాడనీ!"

ముసలామె నవ్వి, మంచులో తొలిచిన కన్నంలోకి చిటికెడు పొగాకు వేసింది. "తీసుకో నాయనా."

రాయిసా గేలపు తాడు కొసకు సీసం గుండు కట్టి దింపింది. ఆమె ముడి ఎప్పుడూ వదులే. ఎడమచేతి వాటమున్న గెనా విసుక్కుంటూ దాన్ని విప్పి, తిరగేసి బిగించేవాడు.

కాసేపటికి మంచు కింద నీటి చప్పుడు ఆగిపోయింది. తాడు మెల్లగా ఊరివైపు వాలింది. చేప లాగినట్టు లేదు.

పైకి తీసింది. గుండును తడిమి వేలు నాలుకకు రాసుకుంది. ఉప్పగా ఉంది. ముడి బిగిసి ఉంది, తిరగేసి.

"ఏం పడిందే?"

"ఏం లేదత్తా."

చేతి తొడుగులు తీసి, చాలాసేపు ఓపిగ్గా ఆ ముడి విప్పింది. ఈసారి ఇంకా వదులుగా కట్టి, నీళ్లలోకి దింపింది.